అర్జెంట్ అంటే ఆగండి: బెంగళూరులో తెలుగు వ్యాపారులు సైబర్ భద్రత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పీణ్యలో సీఎన్‌సీ యూనిట్లు, చిక్కపేటలో చీరల హోల్‌సేల్, మారతహళ్లి, బీటీఎం వైపు పీజీలు, ఎలక్ట్రానిక్ సిటీ దారిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఈ ఊళ్లో మనవాళ్ల వ్యాపారాలు ఎన్ని రకాలో, సైబర్ భద్రత మీద వాళ్లకొచ్చే సందేహాలూ అన్ని రకాలు. మళ్లీ మళ్లీ వినపడేవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లండి. ఈ రోజే డబ్బు పోయి ఇక్కడికి వచ్చినవాళ్లు మాత్రం చదవడం ఆపి, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

మాది చిన్న వ్యాపారం. మామీద ఎవరు కన్నేస్తారండీ?

మీ పేరు పెట్టుకుని ఎవరూ కన్నేయరు, నిజమే. కేటుగాళ్లు లక్షల మెయిళ్లు, మెసేజ్‌లు ఒకేసారి వదిలి, ఎవరు చిక్కితే వాళ్లతో పని మొదలుపెడతారు. ఇంటర్నెట్‌లో తలుపు తీసి ఉన్న కంప్యూటర్లను వెతికే పని రాత్రింబగళ్లు ప్రోగ్రాములే చేస్తుంటాయి. మీ టర్నోవర్ కోటి రూపాయలా, వంద కోట్లా అన్నది వాటికి అనవసరం.

పైగా మీరు చిన్నవాళ్లే అయినా, మీరు సరుకిచ్చే కంపెనీ పెద్దది కావచ్చు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే స్టోర్ల సంస్థ నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చింది ఆ స్టోర్లకు ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే ఒక కాంట్రాక్టర్ లాగిన్‌తో. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే పీణ్య యూనిట్ల చేతికి పేజీలకు పేజీలు సెక్యూరిటీ ప్రశ్నపత్రాలు వచ్చేది ఇందుకే. చదవకుండా అన్నింటికీ ‘అవును’ అని టిక్ పెట్టి పంపేవాళ్లున్నారు. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే మెడకు చుట్టుకుంటుంది.

అసలు డబ్బు ఎలా పోతోంది? హ్యాక్ చేసి లాగేస్తారా?

చీకటి గదిలో ఎవరో కీబోర్డు టకటకలాడించి ఖాతా ఖాళీ చేయడం అరుదు. ఎక్కువసార్లు డబ్బు పంపేది మీ మనిషే. మీ లాగిన్‌తోనే, మీ ఓటీపీతోనే.

నడక ఇలా ఉంటుంది. మీకు ముడిసరుకు ఇచ్చే సప్లయర్ ఆఫీసులో ఒకరి ఈమెయిల్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కుతుంది. వాళ్లు తొందరపడరు. వారాల తరబడి మెయిళ్లు చదువుకుంటూ కూర్చుంటారు. ఎవరికి ఎంత బిల్లు, గడువు ఎప్పుడు, పలకరింపు ఎలా ఉంటుంది, ‘డియర్ సార్’ అంటారా, ‘అన్నా’ అంటారా, అన్నీ గమనిస్తారు. మీరు రాసే జవాబులు అసలు మనిషి కంటపడకుండా వేరే ఫోల్డర్‌లోకి పోయేలా ఆ మెయిల్‌బాక్స్‌లోనే ఒక రూల్ పెట్టేస్తారు. బిల్లు గడువు దగ్గరపడగానే ‘మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకు వేయండి’ అని పాత మెయిల్ కిందే జవాబు వస్తుంది. ఇన్వాయిస్ నంబరు సరైనదే, మొత్తం సరైనదే, లెటర్‌హెడ్ కూడా వాళ్లదే. ఖాతా నంబరు ఒక్కటే వేరు.

కొన్నిసార్లు ఇంత శ్రమ కూడా ఉండదు. ఒక్క అక్షరం తేడాతో ఇంకో డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) కొని మెయిల్ పంపుతారు. ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే అచ్చం ‘ఎమ్’లా కనపడుతుంది. ఫోన్ తెరమీద తేడా పట్టడం ఎవరితరమూ కాదు.

రెండో రకం ఓనర్ పేరుతో వస్తుంది. వాట్సాప్‌లో కొత్త నంబరు, డీపీలో మీ ఫొటో. ‘మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు, ఈ ఖాతాకు అర్జెంటుగా వేయించు.’ అంతే.

మా అకౌంటెంట్ పదిహేనేళ్లుగా ఉన్నాడు, చాలా నమ్మకస్తుడు. అతనికీ ట్రైనింగ్ కావాలా?

నమ్మకస్తుడు కాబట్టే కావాలి. అతను మీ మాట జవదాటడు. దొంగకు పనికొచ్చేది సరిగ్గా ఆ గుణమే.

కానీ నన్నడిగితే ముందు కూర్చోబెట్టి మాట్లాడవలసింది అతనితో కాదు, ఓనర్‌తో. మన ఆఫీసుల్లో డబ్బు ఆర్డర్లు ఎలా వెళ్తాయో ఒకసారి చూడండి. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో కారు ఇరుక్కుని ఉండగా ఓనర్ వాయిస్ మెసేజ్ పెడతారు. పది నిమిషాలకు ‘ఇంకా వేయలేదా? ఒక్కసారి చెబితే అర్థం కాదా?’ అని ఇంకొకటి. ఏళ్ల తరబడి దీనికి అలవాటుపడ్డ మనిషికి దొంగ పంపిన మెసేజ్‌కూ మీ మెసేజ్‌కూ తేడా ఎలా తెలుస్తుంది? రెండింటిలోనూ అదే తొందర, అదే గద్దింపు. ఫోన్ చేసి మళ్లీ అడిగితే తిట్లు తప్పవని అతనికి అనుభవం. అందుకని అడగడు. ఆ భయం దగ్గరే కన్నం పడుతోంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

అడిగే మనిషి విలువ ఎంతో చెప్పడానికి 2016 నాటి బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు దోపిడీ చాలు. దొంగలు ఆ బ్యాంకు కంప్యూటర్లలో చేరి, అక్కడ వారాంతపు సెలవు మొదలయ్యే వేళ చూసుకుని, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులోని ఖాతా నుంచి డబ్బు పంపమని వరసగా ఆదేశాలు పెట్టారు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరిపోయాయి. శ్రీలంకకు పంపమన్న 2 కోట్ల డాలర్లు మాత్రం చేజారలేదు. ఆ ఆదేశంలో ‘ఫౌండేషన్’ అన్న మాటకు స్పెల్లింగ్ తప్పు పడింది. మధ్యలో ఉన్న డాయిష్ బ్యాంకు దగ్గర అది తేడాగా కనిపించి, ఇదేమిటని తిరిగి అడిగారు. ఆ ప్రశ్న ఖరీదు 2 కోట్ల డాలర్లు.

ఒకే ఒక్క నియమం పెట్టమంటే ఏది పెట్టాలి?

ఖాతా నంబరు మారినా, కొత్త ఖాతాకు మొదటిసారి డబ్బు వేస్తున్నా, మన దగ్గర ముందునుంచీ ఉన్న పాత నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, ఖరారు చేసుకున్నాకే వేయాలి. మెయిల్ అడుగున ఇచ్చిన నంబరుకు చేయకూడదు, అక్కడ ఎత్తేది దొంగే. ఓనర్ నుంచి వచ్చిన ఆర్డరుకూ ఇదే వర్తిస్తుంది. మినహాయింపు ఎవరికీ లేదు, ముఖ్యంగా ఓనర్‌కు లేదు.

దీన్ని స్టాఫ్ ముందు ఓనరే చెప్పాలి: ‘నా పేరుతో అర్జెంటని వస్తే ఆపు. నేనే పంపి ఉన్నా, నువ్వు ఆపినందుకు ఏమీ అనను.’ చెప్పడం తేలిక. మొదటిసారి నిజంగానే అర్జెంటు పేమెంటు ఆగినప్పుడు నోరు అదుపులో పెట్టుకోవడమే కష్టం. ఆ రోజు మీరు కసిరితే నియమం అక్కడితో పోయినట్టే.

దీనికి తోడు రెండు పనులున్నాయి. నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు ఎంట్రీ వేసి, ఇంకొకరు ఆమోదించే పద్ధతి కరెంట్ ఖాతాలకు చాలా బ్యాంకుల్లో ఉంది, అడిగి పెట్టించుకోండి. పెట్టించాక ఆ రెండు లాగిన్లూ, రెండు ఫోన్లూ ఒకే టేబుల్ సొరుగులో ఉంచకండి. ఇక రెండోది ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం. ఆర్టీజీఎస్, నెఫ్ట్ పంపే ముందు అవతలి ఖాతా ఎవరి పేరున ఉందో చూపించాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. మన దగ్గర ఈ బదిలీలు ఖాతా నంబరును బట్టే జమవుతాయి, మీరు టైపు చేసిన పేరును బట్టి కాదు. కాబట్టి తెరమీద వచ్చిన పేరును చదవడం మొక్కుబడి వ్యవహారం కాదు. స్టీలు కంపెనీకి వేస్తుంటే ఎవరో వ్యక్తి పేరు కనపడిందా, చెయ్యి అక్కడే ఆగాలి.

వీడియో కాల్‌లో ముఖం చూసి మాట్లాడితే నమ్మవచ్చు కదా?

హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగికి లండన్ పెద్దల పేరుతో ఒక మెయిల్ వచ్చింది. రహస్యంగా డబ్బు పంపాలని అందులో ఉంది. అతనికి మొదట అనుమానమే వచ్చింది. తర్వాత వీడియో కాల్ పెట్టారు. అందులో ఫైనాన్స్ అధికారి, తెలిసిన తోటి ఉద్యోగులు కనిపించేసరికి అనుమానం వదిలేశాడు. ఆ కాల్‌లో అతను తప్ప మిగతావాళ్లంతా ఏఐతో తయారుచేసిన బొమ్మలు. పోయింది 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు. 2024లో ఇది బయటపడింది.

ముఖం, గొంతు ఇక సాక్ష్యాలు కావు. కాల్ పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరు తిరిగి చేయండి.

స్టాఫ్‌కు ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి? ఎంతసేపు?

ఏడాదికోసారి ప్రొజెక్టర్ పెట్టి, రెండు గంటల ఇంగ్లిష్ ప్రెజెంటేషన్ చూపించి, బిస్కెట్లు పంచి పంపించేస్తే ఏమీ మిగలదు. బెంగళూరులో మన షాపులో కూడా ఒకే భాష ఉండదు. కౌంటర్‌లో కన్నడ అమ్మాయి, గోడౌన్‌లో బిహార్ కుర్రాడు, డ్రైవరు తమిళుడు, లెక్కలు చూసేది అనంతపురం మనిషి. ఎవరికి ఏ భాషలో తిట్టినా అర్థమవుతుందో ఆ భాషలోనే చెప్పాలి.

నెలకు ఒకసారి, టీ వేళ, పావుగంట చాలు. ఆ నెలలో నిజంగా ఆఫీసుకు వచ్చిన ఒక దొంగ మెసేజ్ చూపించండి. అలాంటి మెసేజ్ రాని ఆఫీసు లేదు కాబట్టి సరుక్కి కొదవ ఉండదు. దాన్ని ఎవరు పట్టుకున్నారో అందరి ముందూ పేరుపెట్టి మెచ్చుకోండి. పరీక్ష కోసం ఉత్తుత్తి ఫిషింగ్ (ఎర వేసే) మెయిళ్లు పంపి, లింకు నొక్కినవాళ్ల పేర్లు బోర్డుమీద రాసే కంపెనీలు కొన్ని ఉన్నాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. దానివల్ల జనం నొక్కడం మానరు, నొక్కామని చెప్పడం మానేస్తారు.

రిసెప్షన్ వాళ్లనూ, డెలివరీ కుర్రాళ్లనూ, హౌస్‌కీపింగ్ వాళ్లనూ వదిలేయకండి. ‘వైఫై రిపేరుకు వచ్చాం’ అని లోపలికి వచ్చేవాడు ముందు కలిసేది వాళ్లనే.

వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్, పెళ్లి శుభలేఖ అంటూ ఫైళ్లు వస్తున్నాయి. తెరవచ్చా?

ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, ఫోన్‌లో దిగే యాప్. దిగాక మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారంటే ఓటీపీలు నేరుగా వాళ్లకు చేరతాయి. బెంగళూరులో బండి నడిపేవాడికి చలాన్ అనగానే గుండె జారుతుంది కనుక ఆ ఎర బాగా పనిచేస్తోంది. చలాన్ ఉందో లేదో పోలీసుల సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే కంపెనీ సిమ్‌ను విడిగా, మామూలు కీప్యాడ్ ఫోన్‌లో ఉంచితే ఇంకా నయం.

ర్యాన్సమ్‌వేర్ అంటే ఏమిటి? టాలీ డేటా పోతే ఏం చేయాలి?

కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే ప్రోగ్రామ్. ఇప్పటి ముఠాలు తాళం వేసేముందే ఫైళ్ల కాపీ పట్టుకుపోయి, కట్టకపోతే బయటపెడతామని కూడా బెదిరిస్తున్నాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ దీని బారిన పడితే ఓపీ చీటీలు రోజుల తరబడి చేత్తో రాసుకోవలసి వచ్చింది. 2017 మే నెలలో వన్నాక్రై ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని మూతపడ్డాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

చిన్న ఆఫీసుల్లోకి ఇది వచ్చే దారులు మూడు నాలుగే. ఇంటినుంచి టాలీ చూసుకోవడానికని రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సౌకర్యం) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం. సర్వీసు కుర్రాడి కోసం, అదే పని చేసే ఎనీడెస్క్ యాప్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, సులువైన పాస్‌వర్డ్ పెట్టడం. మెయిల్‌లో వచ్చిన ‘ఇన్వాయిస్’ తెరవడం. డబ్బు మిగులుతుందని క్రాక్ సాఫ్ట్‌వేర్ (లైసెన్సు లేని దొంగ కాపీ) వేయించడం.

వస్తే కాపాడేది బ్యాకప్ ఒక్కటే. డేటా మూడు కాపీలుగా, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట ఉండాలన్నది పాత సూత్రం, ఇప్పటికీ అంతకన్నా మంచిది రాలేదు. చాలామంది చేసే పని ఏమిటంటే, ఒక హార్డ్ డిస్క్ కొని, దాన్ని ఇరవై నాలుగు గంటలూ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంచడం. తాళం పడేటప్పుడు దానికీ పడుతుంది. కాపీ అయిపోగానే ఊడదీసి బీరువాలో పెట్టండి.

ఊడదీసి ఉంచడం ఎంత పని చేస్తుందో మేర్స్క్ షిప్పింగ్ కంపెనీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ ప్రపంచమంతా ఉన్న వాళ్ల సర్వర్లను తుడిచిపెట్టేసింది. కంపెనీ కంప్యూటర్లలో ఎవరు లోపలికి రావచ్చో చూసుకునే సర్వర్లు అన్ని దేశాల్లోనూ పోయాయి, ఆఫ్రికాలోని ఘనాలో ఒక్కటి తప్ప. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆగిపోయి ఉంది. దాంట్లోని డేటాతోనే మొత్తం వ్యవస్థను మళ్లీ నిలబెట్టారు. బెస్కామ్‌ను తిట్టుకునేటప్పుడు ఎప్పుడైనా ఇది గుర్తు చేసుకోండి.

ఇంకొక్క మాట. బ్యాకప్ తీయడం సగం పనే. మూడు నెలలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, టాలీ తెరుచుకుని, నిన్నటి బిల్లు కనపడిందా లేదా చూడాలి.

అడిగిన డబ్బు కట్టేస్తే ఫైళ్లు తిరిగొస్తాయా?

రావచ్చు, రాకపోవచ్చు. కట్టేవాళ్లని తెలిస్తే మళ్లీ వస్తారు. కొన్ని పాత రకాల తాళాలకు విప్పే ప్రోగ్రాములను ‘నో మోర్ ర్యాన్సమ్’ అనే సైట్‌లో ఉచితంగా పెట్టారు. యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి మొదలుపెట్టినది. ముందు అక్కడ చూడండి.

మా కంప్యూటర్లు ఇంకా విండోస్ 10 మీదే ఉన్నాయి. బాగానే నడుస్తున్నాయి కదా?

నడుస్తాయి. కానీ 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే కొంతకాలం నెట్టుకురావచ్చు, లేదంటే మార్చాలి. కార్ఖానాల్లో మెషీన్ తోపాటు వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, 7 కంప్యూటర్ల సంగతి వేరు. వాటిని మార్చాలంటే మెషీన్ కంట్రోలర్నే మార్చాలి, లక్షల్లో పని. అలాంటి వాటికి ఇంటర్నెట్ తీసేయండి. ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకండి. ప్రోగ్రామ్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను వేరే దేనికీ వాడకండి, సినిమాలకైతే అసలే వద్దు.

యాంటీవైరస్ కొన్నాం. చాలదా?

మీ అకౌంటెంట్ తన చేత్తో ఆర్టీజీఎస్ పంపుతుంటే యాంటీవైరస్ ఏం చేస్తుంది? ఉండాలి, కానీ అది చాలదు.

పాస్‌వర్డులు నెలనెలా మార్చాలా?

అక్కర్లేదు. నెలనెలా మార్చమంటే జనం చివరి అంకె మారుస్తారు, లేదా మానిటర్‌కు చీటీ అంటిస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఈ గడువు పద్ధతి వద్దంది. పొడవుగా, నాలుగైదు మాటలు కలిపి, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టుకోండి. మన ఊరి పేరు, పచ్చడి పేరు, మేనత్త ముద్దుపేరు కలిపి ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే దాన్ని ఊహించేవాడు పుట్టలేదు. లీకైందని అనుమానం వస్తే మాత్రం ఆ క్షణమే మార్చాలి.

అన్నిటికన్నా ముందు ఈమెయిల్‌కు రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి. ఈమెయిల్ పోతే మిగతా అన్నిటి పాస్‌వర్డులూ దాని మీదుగా మార్చేసుకుంటారు. ఎస్సెమ్మెస్ ఓటీపీకన్నా, కోడ్‌ను ఫోన్‌లోనే పుట్టించే ఆథెంటికేటర్ యాప్ మేలు, పాస్‌వర్డ్ బదులు ఫోన్ తాళంతోనే లాగిన్ అయ్యే పాస్‌కీ ఇంకా మేలు.

జీఎస్టీ లాగిన్, డిజిటల్ సిగ్నేచర్ అన్నీ మా ఆడిటర్ దగ్గరే ఉంటాయి. ఫరవాలేదా?

ఆడిటర్ మంచివారే కావచ్చు. కానీ ఆయన ఆఫీసులో ఎందరో క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (పెన్‌డ్రైవ్ లాంటివి) ఒకే డబ్బాలో, పిన్ నంబరు ఒక్కోదానికి కాగితం చుట్టి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటాయి. ఆ టోకెన్‌తో పెట్టే సంతకం చట్టం దృష్టిలో మీ సంతకమే. టోకెన్ మీ దగ్గర ఉంచుకుని, పని ఉన్నప్పుడు పంపి, మళ్లీ తెప్పించుకోండి.

ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి అయింది. ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళ్తోందో చూసుకున్నారా? రిజిస్ట్రేషన్ నాడు ఆడిటర్ ఇచ్చిన ఆయన గుమస్తా నంబరే ఇంకా ఉండిపోయిన వ్యాపారాలు తక్కువేమీ కాదు. ఒక్క లాగిన్‌ను అయిదుగురు వాడకుండా, ఎవరికి వారికి సబ్ యూజర్ పెట్టుకునే వీలు అక్కడే ఉంది.

పీజీ నడుపుతున్నాం. పిల్లల ఆధార్ కాపీలు వాట్సాప్‌లో తీసుకుంటాం. తప్పా?

పోలీసులు వివరాలు అడుగుతారు కాబట్టి గుర్తింపు తీసుకోక తప్పదు. కానీ వందలమంది ఆధార్ ఫొటోలు మేనేజర్ సొంత ఫోన్ గ్యాలరీలో, అతని పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య పడి ఉండటం మాత్రం తప్పే. అతను మానేసి వెళ్లిపోతే ఆ కాపీలన్నీ అతనితోనే వెళ్తాయి.

చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఈ విషయంలో 2022 మే నెలలో ఒక తమాషా జరిగింది. ఆధార్ కాపీలు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు వాటిని తీసుకోకూడదు అని ఉడాయ్ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే ప్రకటన ఇచ్చింది. గగ్గోలు పుట్టేసరికి రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయినా, అందులోని జాగ్రత్త పనికిమాలినదేమీ కాదు. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల కాపీలు అవసరం తీరాక చెరిపేయండి. దగ్గర లేని కాగితం దొంగిలించబడదు.

డేటా చట్టం వచ్చిందంటున్నారు. మాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. కస్టమర్ల, ఉద్యోగుల వివరాలకు తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అది గరిష్ఠం. చీరల కొట్టుకు అంత వేస్తారని భయపెట్టి సాఫ్ట్‌వేర్ అమ్మజూసేవాళ్లను నమ్మకండి. ఆ బాధ్యతలు అమల్లోకి వచ్చాక డేటా లీకైతే దాచడానికి మాత్రం వీల్లేదు. ఈ చట్టం అమలు చూసే డేటా బోర్డుకూ, ఎవరి వివరాలు పోయాయో వాళ్లకూ చెప్పాలి.

సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో చెప్పాలట, నిజమేనా?

నిజమే. సెర్ట్-ఇన్ అంటే సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం సర్వీసు సంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ దగ్గర జరిగిన సైబర్ ఘటనను తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలి, సిస్టమ్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేశారో కంప్యూటర్ రాసుకునే పద్దులు) 180 రోజులు ఉంచుకోవాలి. లాగ్‌లు ఉంచడం మీ మంచికే. అవి లేకపోతే దొంగ ఎటునుంచి వచ్చాడో చెప్పగలిగేవాళ్లే ఉండరు.

బయటివాళ్ల సంగతి సరే, లోపలివాళ్ల మాటేమిటి?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ వ్యాపారాల్లో ఎక్కువగా కనిపించేది దొంగబుద్ధి కన్నా మరుపు. ఆరు నెలల కింద మానేసిన కుర్రాడి ఈమెయిల్ ఇంకా నడుస్తుంటుంది, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉంటాడు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ అతను పెట్టినదే. చివరి జీతం చెక్కు ఇచ్చే రోజే ఇవన్నీ మూసేయాలి.

తెలియకుండా తలుపు తీసేవాళ్లు మరో రకం. 2025 జులైలో బెంగళూరులో కాయిన్‌డీసీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి 4.4 కోట్ల డాలర్లు పోయాయి. పోలీసులు చెప్పినదాని ప్రకారం, ఒక ఉద్యోగి కంపెనీ ల్యాప్‌టాప్ మీద బయటివాళ్లకు పార్ట్‌టైమ్ పనులు చేస్తూ వచ్చాడు, ఆ పని పేరుతో వచ్చిన ఫైళ్ల మీదుగానే లోపలికి దారి దొరికింది. ఈ ఊళ్లో సాయంత్రం పూట ఇంకో చిన్న పని చేసుకునేవాళ్లు తక్కువేం కాదు. వద్దంటే దాచిపెట్టి చేస్తారు. ‘చేసుకో, కానీ ఈ ల్యాప్‌టాప్ మీద కాదు’ అనడమే మెరుగని నా అభిప్రాయం.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

మొదటి గంట గడవకముందే 1930. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఈ నంబరు వెనక 2021 నుంచి పోలీసులను, బ్యాంకులను కలిపే వ్యవస్థ ఉంది. మీ డబ్బు ఏ ఖాతాకు పోయిందో, అక్కడినుంచి ఎక్కడికి దాటిందో చూసుకుంటూ, ఇంకా కదలని మొత్తాన్ని అక్కడికక్కడే ఆపుతారు. దొంగలు దాన్ని నిమిషాల్లో పది ఖాతాలకు చీల్చి ఏటీఎంలలో తీసేస్తారు. కాబట్టి ‘ఓనర్ ఊళ్లో లేరు, వచ్చాక చెబుదాం’ అంటే కుదరదు. ఓనర్‌ను అడక్కుండా 1930కి చేసే అధికారం అకౌంటెంట్‌కు ముందే ఇచ్చి ఉంచండి.

లావాదేవీ నంబరు, సమయం, అవతలి ఖాతా నంబరు చేతిలో పెట్టుకుని మాట్లాడండి. మీ బ్యాంకుకు కూడా ఫోన్ చేసి, రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. మెసేజ్‌లు చెరపకండి, కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించకండి. వైరస్ అనుమానం ఉంటే నెట్ కేబుల్ పీకి, వైఫై ఆపి, అలాగే వదిలేయండి. తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బెంగళూరులో జనం ‘సెన్’ స్టేషన్లని పిలుచుకునే సైబర్ స్టేషన్లు విడిగా ఉన్నాయి. కన్నడ రాకపోయినా ఇబ్బంది లేదు, ఇంగ్లిష్‌లో రాసిన ఫిర్యాదు తీసుకుంటారు.

బ్యాంకు ఆ డబ్బు తిరిగి ఇస్తుందా?

ఎవరి తప్పన్న దాన్నిబట్టి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. కానీ ఓటీపీ మీరే చెప్పినా, పాస్‌వర్డ్ మీరే ఇచ్చినా, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీదే. మీ మనిషే నమ్మి ఆర్టీజీఎస్ పంపిన కేసుల్లో బ్యాంకును పట్టుకుని గెలవడం చాలా కష్టం.

తప్పు లింకు నొక్కిన ఉద్యోగిని తీసేయాలా?

వెంటనే వచ్చి చెప్పాడా, దాచాడా అన్నది చూడండి. చెప్పినవాణ్ని తీసేస్తే, మిగతా పదిమందీ నేర్చుకునే పాఠం దాచడమే. జీతంలో కోతలూ అంతే. దాచి, తెలిసీ కప్పిపుచ్చినవాడి సంగతి వేరే లెక్క.

సైబర్ ఇన్సూరెన్స్ తీసుకోమంటారా?

అప్పులో సరుకు, పెద్ద పేమెంట్లు నడిపేవాళ్లు తీసుకుంటే మంచిదే. కానీ సంతకం పెట్టేముందు ఏజెంటును ఒక్కటి అడగండి: ‘మా అకౌంటెంట్ మోసపోయి తనంతట తానే డబ్బు పంపేస్తే కవర్ అవుతుందా?’ అని. హ్యాకింగ్‌కు మాత్రమే వర్తించి, దీనికి విడిగా ప్రీమియం కట్టాలనో, తక్కువ పరిమితి ఉంటుందనో చెప్పే పాలసీలు ఉన్నాయి. రెండంచెల లాగిన్ ఉందా, బ్యాకప్ తీస్తున్నారా అని ప్రపోజల్ ఫారంలో అడిగితే ఉన్నదే రాయండి. లేనిది ఉందని రాసి ఉంటే, క్లెయిము రోజు కంపెనీవాళ్లు ముందు తెరిచేది ఆ ఫారాన్నే.